లా హంటా పెళ్లికొడుకులు

“సాలెపురుగులను చూసేదానికి పెట్రోలు పోసుకొని మూడు గంటలు పోతారా ఎవురన్నా? మనింట్లో గోడకు పాకితే చీపురు తీస్తాము గదా మే!” అంది అమ్మ, పులిహోర డబ్బాకు మూత పెడుతూ.

ఆమె మాటలో తప్పేమీ లేదు. మా బేస్‌మెంటులో సాలెపురుగు కనిపిస్తే నేను పెట్టే కేక వీధి చివరిదాకా వినిపిస్తుందని మా ఆయన అంటారు. కానీ ఆరో తరగతి చదివే మా పాప మాత్రం వేసవి సెలవుల నుంచీ ఒకటే పట్టు. కొలరాడోలో ఉంటూ సెప్టెంబరులో లా హంటాకు వెళ్లి టరాంటులాలను చూడకపోతే ఎలా అని. డెన్వర్ పక్కన అరోరాలో పదకొండేళ్లుగా ఉంటున్నాం. కొండలకు వెళ్లాం, మంచుకు వెళ్లాం, వేడినీటి గుండాలకు వెళ్లాం. తూర్పు వైపు గడ్డిమైదానాలకు మాత్రం ఎప్పుడూ పోలేదు. అక్కడ చూసేదానికి ఏముంది అనుకునేవాళ్లం.

పోయిన సెప్టెంబరులో ఒక శనివారం బయల్దేరాం. మా ఆయనకు ఆఫీసు డ్యూటీ పడింది. నేను, అమ్మ, పాప, ముగ్గురమే. అమ్మ మే నెలలో వచ్చింది, అక్టోబరు మూడో వారానికి తిరుగు టికెట్టు ఉంది. నాన్న పోయి రెండేళ్లు. గుత్తిలో ఇంట్లో ఒక్కతే ఉంటోంది. ఈసారి ఎలాగైనా గ్రీన్‌కార్డుకు అప్లై చేయించాలని కాగితాలన్నీ ప్రింటు తీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టాను. రెండు వారాలుగా అవి అక్కడే ఉన్నాయి. అమ్మ వాటి మీద ఊరగాయ జాడీ పెట్టింది. అడిగితే, “గాలికి ఎగిరిపోకుండా పెట్టినాను” అంది. మా ఇంట్లో ఏసీ గాలి తప్ప వేరే గాలి లేదు.

కొలరాడో స్ప్రింగ్స్ మీదుగా ప్వేబ్లో వరకు ఐ-25. అక్కడి నుంచి తూర్పుకు హైవే 50. కొండలు వెనకపడి నేల చదునైపోతుంది. అర్కాన్సా నది పక్కనే దారి సాగుతుంది కాబట్టి నది వారన పచ్చగా, కాస్త పక్కకు చూస్తే గోధుమరంగుగా ఉంటుంది. లా హంటాకు ముందు రాకీ ఫోర్డ్ అనే ఊరు వస్తుంది. ఖర్బూజాలకు పేరుమోసిన ఊరు. సెప్టెంబరులో రోడ్డు పక్కనే గుట్టలుగా పోసి అమ్ముతారు. అమ్మ కారు ఆపించి, ఒక్కొక్కటి ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసి నాలుగు ఏరింది. అమ్మేవాడు ఆమె ఏరిన తీరు చూసి ఇంకొకటి ఊరికే ఇచ్చాడు.

లా హంటా అంటే స్పానిష్‌లో కూడలి, మన మాటలో చెప్పాలంటే జంక్షన్. రైలు పట్టాలు పెద్ద యార్డులాగా పరిచి ఉంటాయి. షికాగో నుంచి లాస్ ఏంజెలస్ వెళ్లే రైలు ఇప్పటికీ ఇక్కడ ఆగుతుంది. మా నాన్న గుత్తి డీజిల్ షెడ్డులో పనిచేశారు. మేం రైల్వే క్వార్టర్సులో పుట్టి పెరిగినవాళ్లం. ఈ దేశానికి వచ్చాక మొదటిసారి అమ్మ ఒక ఊరిని చూసి, “ఇది మన ఊరి మాదిరే ఉండాది” అంది. ఊళ్లో దుకాణాల అద్దాల మీద ఎక్కడ చూసినా సాలెపురుగు బొమ్మలే. 2022 నుంచి ఇక్కడ ఏటా టరాంటులా పండగ చేస్తున్నారు. ఊరేగింపు ఉంటుంది, ఎవరి కాళ్లకు వెంట్రుకలు ఎక్కువో చూసే పోటీ కూడా ఉంటుందట. జనం తాకిడి వద్దని మేం పండగ రోజు కాకుండా వేరే వారం వెళ్లాం.

ఊరు దాటి హైవే 109 మీద దక్షిణంగా పోతే కమాంచి నేషనల్ గ్రాస్‌లాండ్ మొదలవుతుంది. నాలుగు లక్షల ఎకరాలకు పైగా ఉన్న గడ్డినేల. అయితే ఒకే బీడుగా ఉండదు, ముక్కలు ముక్కలుగా ప్రైవేటు పొలాల మధ్య ఉంటుంది. దానికి ఒక కథ ఉంది. వందేళ్ల కిందట ఇక్కడి గడ్డిని దున్ని గోధుమ వేశారు. వానలు లేక 1930లలో నేల మొత్తం దుమ్మై లేచింది. ‘డస్ట్ బౌల్’ అని పిల్లల పాఠాల్లో వస్తుంది చూడండి, అదే. పంట పోయి జనం ఊళ్లు వదిలారు. ఆ భూముల్లో కొన్నింటిని ప్రభుత్వమే కొని, మళ్లీ గడ్డి మొలిపించింది. 1960లో నేషనల్ గ్రాస్‌లాండ్ అని పేరు పెట్టారు. అనంతపురం జిల్లాలో పుట్టిన మాకు వానలేని నేల గురించి ఎవరూ వివరించనక్కర్లేదు. అమ్మ కిటికీలోంచి చూస్తూ, “మన సేన్లకన్నా రవ్వంత నయమే” అంది.

ఇక్కడి టరాంటులా శాస్త్రీయనామం అఫోనోపెల్మా హెంట్జి. కాళ్లు చాపితే మన అరచేయంత ఉంటుంది. మనం సాలెపురుగు అంటాం, అంటే నేతపని చేసే పురుగు. ఇది మాత్రం గోడమూలల్లో గూడు అల్లదు. నేలలో బొరియ చేసుకొని ఉంటుంది. తానే తవ్వుకుంటుంది, లేదా ఎలుకలాంటివి వదిలేసిన కన్నంలో చేరుతుంది. దారం ఉంటుంది, కానీ ఆ దారాన్ని బొరియ లోపలి గోడలకు పరుచుకుంటుంది, వాకిలికి పల్చటి తెరలాగా కట్టుకుంటుంది. వాకిట్లో ఏ పురుగు నడిచినా ఆ దారాల కదలికే చెబుతుంది. ఎనిమిది కళ్లున్నా చూపు అంతంతే. బతుకంతా స్పర్శ మీదే. అందుకే దున్నని నేల, పొట్టి గడ్డి, గట్టి మట్టి దానికి కావాలి. నాగలి పోయిన చోట బొరియ నిలవదు.

సాయంత్రం ఐదున్నరకు వోగెల్ కాన్యన్ వైపు తిరిగే మట్టిరోడ్డు పక్కన కారు ఆపాం. ఎండ తగ్గుతోంది. గాలి లేదు. మోకాలి కిందికి పొట్టి గడ్డి, అక్కడక్కడా ముళ్ల చోయా కాక్టస్‌లు. అరగంట నిలబడ్డాం. ఏమీ లేదు. పాప ముఖం చిన్నబోయింది. అమ్మ పులిహోర ప్లేట్లలో పెట్టింది. రెండో ముద్ద నోట్లో పెట్టుకోబోతూ, “అద్దో!” అంది.

రోడ్డుకు అడ్డంగా నడుస్తున్నాడు. నల్లటి కాళ్లు, వీపు మీద రాగిరంగు, పొట్టమీద ఎర్రటి నూగు. పరుగు లేదు. ఒక్కొక్క కాలూ ఎత్తి, గాలిలో ఆపి, నేలను తడిమి, మళ్లీ వేస్తున్నాడు. చీకట్లో మెట్లు దిగే మనిషిలాగా. సాలెపురుగులు కాలు ముడిచేది కండరంతోనే అయినా చాపేది లోపలి ద్రవం ఒత్తిడితోనట, అందుకే ఆ నడక అట్లా ఉంటుందని పాప చెప్పింది. నేను నాలుగడుగులు వెనక్కి వేశాను. నోరు మాత్రం తెరవలేదు, అది నా ఘనత.

ఒక పికప్ ట్రక్కు మా వెనకే వచ్చి, మెల్లగా ఆగింది. డెబ్బై ఏళ్లు దాటిన ఆవిడ దిగింది. దగ్గర్లోనే పశువులు మేపుకునే కుటుంబమట. మా ముగ్గుర్నీ, మా పులిహోరనూ చూసి నవ్వి, ఆ పురుగు రోడ్డు దాటేదాకా తన బండి కదిలించలేదు. ఆవిడ చెప్పిందాన్ని పాప అమ్మమ్మకు తెలుగులో చెబుతూ పోయింది.

జనం దీన్ని వలస అంటారు గానీ ఇది వలస కాదు. ఇవి ఎక్కడికీ గుంపుగా పోవడం లేదు. ఈ రోడ్డు మీద కనిపించేవన్నీ దాదాపు మగవే. ఏడు నుంచి పదేళ్లు బొరియలో పెరిగి, ఆఖరుసారి కుబుసం విడిచాక, ఆగస్టు చివర్లో బయటపడతాయి. ఆడదాన్ని వెతుక్కుంటూ రోజుల తరబడి నడుస్తాయి. మళ్లీ సొంత బొరియకు పోవు. చలి ముదిరేలోపు, జత దొరికినా దొరక్కపోయినా, చాలామటుకు చచ్చిపోతాయి.

“అంటే పెళ్లిచూపులకు వచ్చినాడన్నమాట,” అంది అమ్మ. “ఆడపిల్ల యాడుంది?”

ఆడది రాదు. ఆడది తన బొరియలోనే ఉంటుంది. ఇరవై ఏళ్లు దాటి బతుకుతుంది. బొరియ వాకిలి దాటి ఎక్కువ దూరం పోదు. చలికాలంలో వాకిలిని మట్టితో, దారంతో మూసేసుకొని లోపల ఊరికే ఉంటుంది. మగవాడు ఆఖరి కుబుసం తర్వాత మళ్లీ విడవలేడు, కాలు విరిగితే విరిగినట్టే. ఆడది పెద్దదయ్యాక కూడా కుబుసం విడుస్తూనే ఉంటుంది, పోయిన కాలును మళ్లీ మొలిపించుకోగలదు. మగవాడు వాకిలి దగ్గరకు వచ్చి కాళ్లతో టకటకా తడతాడు. ఇష్టమైతే ఆమె పైకి వస్తుంది. అతని ముందుకాళ్లకు చిన్న కొక్కేలు ఉంటాయి. వాటితో ఆమె కోరల్ని పట్టి ఆపుకుంటాడు. లేకపోతే పెళ్లికొడుకే విందు అయ్యే ప్రమాదం ఉంది.

“తలుపు తట్టి నిలబడతాడా? మర్యాదస్తుడే,” అంది అమ్మ. పాప ఈ మాటను ఇంగ్లీషులో చెప్పేసరికి పెద్దావిడ పగలబడి నవ్వింది.

తన ఇంటి వెనక ఒక ఆడదాని బొరియ ఉందని, తన చిన్న కొడుకు హైస్కూల్లో ఉన్నప్పుడు చూసిందట. ఆ కొడుక్కి ఇప్పుడు పిల్లలు. ఉన్నది అదేనా, దాని కూతురా అన్నది తెలియదు గానీ బొరియ మాత్రం అదే. కొందరు పెంచుకోవడానికి వీటిని తవ్వుకుపోతారని, అలా బొరియ పోయిన ఆడది మళ్లీ నేలలో కుదురుకోవడం కష్టమని చెప్పింది. పాప దాన్నీ తెలుగులో చెప్పింది. అమ్మ ఏమీ అనలేదు. నేను ఖర్బూజా కోసే పనిలో పడ్డాను.

చీకటి పడేలోపు మొత్తం పదకొండింటిని చూశాం. పాప లెక్క రాసుకుంది. ఒకచోట పాప పిలిచి చూపిస్తే, గడ్డి దుబ్బుల మధ్య రూపాయి బిళ్లకంటే కొంచెం పెద్ద కన్నం. అంచు చుట్టూ తెల్లటి దారం, ఇస్త్రీ చేసినట్టు చదునుగా. టార్చి నేరుగా వేయకుండా చేత్తో సగం మూసి చూశాం. లోపల రెండు గోధుమరంగు కాళ్ల కొసలు. కదల్లేదు. మేం ఉన్న ఐదు నిమిషాలూ ఆమె ఇంట్లో ఆమె ఉంది, మేం వాకిట్లో ఉన్నాం.

వీటికి విషం ఉంటుంది గానీ మనుషులకు తేనెటీగ కుట్టినంత. కరవడంకన్నా ముందు పొట్టమీది నూగును వెనకకాళ్లతో విదిలిస్తాయి. అది కళ్లలో పడితే మంట, దురద. ఇంత జాగ్రత్తపడినా వీటికీ ఒక యముడు ఉన్నాడు. నారింజరంగు రెక్కల పెద్ద కందిరీగ, టరాంటులా హాక్ అంటారు. కుట్టి, చంపకుండా కదలకుండా చేసి, ఈడ్చుకుపోయి, మీద ఒక గుడ్డు పెట్టి పూడ్చేస్తుంది. పిల్ల పుట్టి ఆ బతికున్న సాలెపురుగునే తింటూ పెరుగుతుంది. నేను విన్నంతలో ఆ సాయంత్రం నాకు నిద్రపట్టనివ్వని సంగతి ఇదొక్కటే.

వోగెల్ కాన్యన్ పార్కింగులో ఒక యువ జంట మడత కుర్చీలు వేసుకొని కూర్చుంది. ఆ అబ్బాయికి సాలెపురుగులంటే పిచ్చి. మేం ఇండియా నుంచి అని తెలిసి, “ఏ వైపు?” అన్నాడు. దక్షిణం, ఆంధ్రప్రదేశ్ అన్నాను. చెప్పినా ఎవరికీ తెలియదు కాబట్టి ఊరి పేరు నేను ఎప్పుడూ చెప్పను. అతను కళ్లు పెద్దవి చేసి, “గూటీ అక్కడికి దగ్గరా?” అన్నాడు.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అమ్మకు ముందు అర్థమైంది. “గుత్తి! మా గుత్తే!”

అతను ఫోనులో ఒక బొమ్మ చూపించాడు. నెమలి మెడ రంగు నీలం, దాని మీద తెల్లటి గీతలు, కాళ్లమీద పసుపు మచ్చలు. బొమ్మకు రంగు వేశారేమో అనుకున్నాను. కాదు. దాని శాస్త్రీయనామం పీసిలోథీరియా మెటాలికా. లోకమంతా ‘గూటీ సఫైర్’ అంటారు. 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త దీన్ని మొదట వర్ణించాడు. ఆధారం ఒకే ఒక్క ఆడపురుగు. దొరికింది గుత్తి రైల్వే కలప యార్డులో. తర్వాత వందేళ్లు దీని జాడ లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనిపించింది. అంటే ఆనాటిది కలపతోపాటు రైలెక్కి గుత్తిలో దిగి ఉంటుందని అనుకుంటున్నారు. ఆ నీలం ఒంటికి పూసిన రంగు కాదు, వెంట్రుకల మీది అతి సూక్ష్మమైన అల్లిక వెలుగును తిప్పికొట్టే తీరు. ఇది నేలమీద ఉండేది కాదు, పాత పెద్ద చెట్ల తొర్రల్లో ఉంటుంది. చెట్లు నరికేకొద్దీ దానికి ఇల్లు లేదు. 2008 నుంచి తీవ్రంగా అంతరించిపోతున్న జాతుల జాబితాలో ఉంది. అదే సమయంలో అమెరికాలో, యూరప్‌లో దీన్ని గాజుపెట్టెల్లో పెంచుతారు. ఆ అబ్బాయికీ ఒకటి ఉందట.

నేను గుత్తిలో ఇరవై రెండేళ్లు ఉన్నాను. గుత్తి కోట ఎక్కాను. నంద్యాల మీదుగా గిద్దలూరుకు రైల్లో పోయేటప్పుడు ఆ అడవిని కిటికీలోంచి ఎన్నిసార్లు చూశానో. మా ఊరి పేరు మోస్తున్న ప్రాణి ఒకటుందని ఏ టీచరూ చెప్పలేదు, నేనూ వెతకలేదు. లా హంటా పార్కింగులో ఒక అమెరికన్ కుర్రాడు చెబితే తెలిసింది.

తిరుగుదారిలో పాప వెనక నిద్రపోయింది. రోడ్డుమీద ఏది కదిలినా నేను బ్రేకు వేస్తున్నాను. అమ్మ ముందుసీటులో కూర్చొని అద్దంలోంచి కిందికి వంగి చూస్తోంది, కిందపడ్డ సూది వెతికినట్టు.

“శ్రీకాళహస్తిలో శ్రీ అంటే ఎవరనుకున్నావు?” అంది ఉన్నట్టుండి. “సాలెపురుగే గదా. శివునికి గూడు కట్టి మోక్షం పొందింది. నీ పెళ్లికి ముందు రాహుకేతు పూజ చేయించినప్పుడు నీకు చెప్పినాను. నువ్వు ఫోను చూసుకుంటాంటివి.”

నేను నవ్వాను. కాసేపటికి అడిగాను, “ఆ కాగితాలు ఏం చేద్దామమ్మా?”

అమ్మ వెంటనే చెప్పలేదు. ప్వేబ్లో లైట్లు కనిపించేదాకా ఊరుకుంది. తర్వాత అంది, “మీ నాయిన ఉన్నప్పుడు కట్టుకున్న ఇల్లు మే అది. పొద్దున లేస్తే పక్కింటి లక్షుమమ్మ పాలు పోయించుకొని గేటు కొడుతుంది. రేత్రి పది గంటల రైలు కూత వినకపోతే నాకు నిద్ర రాదు. ఈడ మీరు బాగా చూసుకుంటాండారు, కాదనను. నేను వస్తాను, ఉంటాను, పోతాను. నన్ను తవ్వి తేవద్దు.”

నాకు కోపం వచ్చింది. ఆ పెద్దావిడ మాటను ఇలా నా మీదికే తిప్పుతుందని అనుకోలేదు. నువ్వు సాలెపురుగువి కాదు, అరవై ఎనిమిదేళ్ల మనిషివి, బీపీ ఉంది, రాత్రి కిందపడితే లక్షుమమ్మకు ఎలా తెలుస్తుంది అన్నాను. గొంతు పెరిగింది. వెనక పాప కదిలింది. ఇద్దరం ఊరుకున్నాం. ఇల్లు చేరేదాకా మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మర్నాడు పొద్దున చూస్తే ఊరగాయ జాడీ అలమారలో ఉంది. కాగితాలు సర్ది, క్లిప్పు పెట్టి, నా ల్యాప్‌టాప్ మీద ఉన్నాయి. సంతకం లేదు.

వెళ్లాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు. సెప్టెంబరు నెల మంచిది, వెచ్చగా గాలి లేని రోజు ఎంచుకోండి. సూర్యాస్తమయానికి ముందు గంట, గంటన్నర అసలు సమయం. గదులు ముందే బుక్ చేసుకోండి. పెట్రోలు, నీళ్లు లా హంటాలోనే నింపుకోండి, గడ్డిమైదానంలో తాగునీళ్లు దొరకవు. మూసి ఉండే బూట్లు వేసుకోండి, అక్కడ రాటిల్‌స్నేక్‌లు కూడా ఉంటాయి. పురుగును చేత్తో పట్టకండి, బొరియలో పుల్ల పెట్టకండి. చీకట్లో నెమ్మదిగా నడపండి. ఏడెనిమిదేళ్లు ఎదురుచూసి బయటికొచ్చిన వాడు మన టైరు కింద పడకూడదు.

అమ్మ అక్టోబరులో వెళ్లిపోయింది. గుత్తి ఇంట్లో ప్రతి గదికీ ఒక బెల్లు పెట్టించాం, నొక్కితే పక్కింట్లో మోగుతుంది. రోజూ రెండుసార్లు ఫోను. నాకు ఇంకా దిగులు తీరలేదు, తీరుతుందని కూడా అనుకోను.

కిందటి వారం ఫోనులో చెప్పింది. పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లో ఒక కన్నం ఉందట, అంచుకు దారం ఉందట. ఇంతకుముందైతే కిరసనాయిలు పోసేది.

“మరి ఇప్పుడు?” అన్నాను.

“ఇప్పుడేముంది, ఆ పక్క చీపురు ఆనించకుండా ఊడుస్తాండాను,” అంది. “పాపకు చెప్పు. వచ్చే ఎండాకాలం వస్తే చూపిస్తాను.”